గడుల్లో ఇమిడిన అభిరుచి: ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్ ప్రొఫైళ్లకు డేటాబేస్ కట్టడం

ఎలుక కణాల్లో ఆర్న్ట్ అనే ప్రొటీన్ ఉంటుంది. డీఎన్‌ఏ మీద తనకు నచ్చిన చోటు దొరికితే అక్కడ వాలుతుంది. పక్కనున్న జన్యువు పని మొదలుపెట్టడంలో పాలుపంచుకుంటుంది. దానికి నచ్చే చోటు ఎలాంటిదో తెలుసుకోవడానికి ప్రయోగశాలలో అది పట్టుకున్న 20 డీఎన్‌ఏ తునకలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ స్థానంలో ఏ అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టారు. మొదటి స్థానంలో సి 16 సార్లు, ఎ 4 సార్లు వచ్చాయి. రెండో స్థానంలో ఎ 19, జి 1. తర్వాతి నాలుగు స్థానాల్లో వరుసగా సి, జి, టి, జి ఇరవైకి ఇరవై సార్లు వచ్చాయి. ఆరు స్థానాలు, నాలుగు అక్షరాలు, సున్నాలతో కలిపి మొత్తం 24 సంఖ్యలు. జాస్పర్ అనే డేటాబేస్‌లో ఈ చిన్న మాత్రికకు ఎంఏ0004.1 అని గుర్తింపు సంఖ్య ఉంది.

జన్యువులను నడిపించే ఇలాంటి ప్రొటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. మనిషిలో అవి సుమారు 1,600 అని 2018లో వెలువడిన ఒక సమగ్ర సమీక్ష లెక్కతేల్చింది. ఒక్కోదాని అభిరుచిని చెప్పే మాత్రికే బైండింగ్ ప్రొఫైల్. 24 సంఖ్యలను కంప్యూటర్‌లో దాచడానికి అంత హడావుడి ఎందుకనిపించవచ్చు. కానీ వాటిని ఏ రూపంలో దాచాలి, వాటితోపాటు ఇంకేం దాచాలి, అడిగినప్పుడు ఏది తీసి ఇవ్వాలి, ఏది అప్పటికప్పుడు లెక్కకట్టాలి అన్న ప్రశ్నలకు ఈ రంగం ఇప్పటికీ ఒక్క గొంతుతో జవాబు చెప్పడం లేదు. పట్టిక గీయడం కంప్యూటర్ నిపుణుల పనే అయినా, ఏ గడిలో ఏం రాయాలన్నది మాత్రం జీవశాస్త్రం తేల్చాల్సిన విషయం. ప్రయోగం చూపిన సాక్ష్యాన్ని దాచి, తీర్పును అడిగినప్పుడు మాత్రమే చెప్పే ఏర్పాట్లు ఎక్కువ కాలం నిలబడ్డాయి.

అక్షరాల నుంచి అంకెలకు

1975లో డేవిడ్ ప్రిబ్నో బ్యాక్టీరియా జన్యువుల ముందు తరచూ కనిపించే ఆరక్షరాల వరుసను గుర్తించారు. టి-ఎ-టి-ఎ-ఎ-టి అనే ఆ వరుసను ప్రిబ్నో బాక్స్ అంటారు. అయితే ఆరుకు ఆరు అక్షరాలూ అచ్చంగా సరిపోయే ప్రమోటర్లు, అంటే జన్యువుల ముందుండే ఆ ప్రాంతాలు, అరుదు. ఎక్కువ వాటిలో ఒకటో రెండో తేడాగా ఉంటాయి. తేడాలను కలుపుకోవడానికి ‘ఎ లేదా సి’ అనే చోట ఎమ్ అని, ‘ఎ లేదా జి’ అనే చోట ఆర్ అని సంకేతాక్షరాలు వాడే పద్ధతి వచ్చింది. ఆర్న్ట్ మొదటి స్థానాన్ని అలా రాస్తే ఎమ్ అవుతుంది. పదహారుకు నాలుగు అన్న నిష్పత్తి అక్కడే పోతుంది.

ఆ నష్టాన్ని పూడ్చింది మాత్రికే. 1982లో గ్యారీ స్టోర్మో బృందం ఇ. కోలై బ్యాక్టీరియాలో ప్రొటీన్ తయారీ మొదలయ్యే చోట్లను పెర్సెప్ట్రాన్ పద్ధతిలో వెతికి, ఒక్కో స్థానంలోని ఒక్కో అక్షరానికి వేరే బరువు ఇవ్వవచ్చని చూపింది. 1984లో రోడ్జర్ స్టాడెన్ ఆ బరువులను లాగరిథమ్‌లుగా రాశారు. 1987లో బెర్గ్, వాన్ హిప్పెల్ ఆ సంఖ్యలకు భౌతికశాస్త్ర పునాది వేశారు. ఒక అక్షరం ఎంత తరచుగా వస్తుందన్నదానికీ, ప్రొటీన్ దాన్ని ఎంత శక్తితో పట్టుకుంటుందన్నదానికీ ఉన్న సంబంధం అప్పుడు తేటపడింది. 1990లో ష్నైడర్, స్టీఫెన్స్ సీక్వెన్స్ లోగోను ప్రవేశపెట్టారు. పరిశోధన పత్రాల్లో నేడు తరచూ కనిపించే, ఎత్తుపల్లాలుగా పేర్చిన రంగురంగుల అక్షరాల బొమ్మ అదే.

కోట గోడ, బహిరంగ మైదానం

మాత్రికలు పెరిగేకొద్దీ వాటిని ఒకచోట చేర్చే అవసరం వచ్చింది. జర్మనీలో ఎడ్గర్ వింగెండర్ 1988లో ప్రచురించిన సంకలనం నుంచి ట్రాన్స్‌ఫాక్ పుట్టింది. ప్రతి పంక్తి మొదట్లో రెండక్షరాల గుర్తు, విభాగాల మధ్య ఎక్స్‌ఎక్స్, చివర రెండు ఏటవాలు గీతలతో ఉండే దాని టెక్స్ట్ ఫైలు రూపం ఈనాటికీ చలామణిలో ఉంది. మనిషి చదువుకోవడానికి అది బాగుంటుంది. కానీ ‘మొక్కలకు చెందినవి, ఫలానా పద్ధతిలో కనుగొన్నవి, పది స్థానాలకు మించినవి’ అని ఒకేసారి అడగాలంటే ఫైలు మొత్తం చదివి విడగొట్టే ప్రోగ్రామ్ రాయాల్సిందే. పైగా ట్రాన్స్‌ఫాక్ పూర్తి రూపం తర్వాతి కాలంలో చందా కట్టినవారికే అందేలా మారింది.

2004లో అల్బిన్ సాండెలిన్, వైనాండ్ ఆల్కెమా, పర్ ఎంగ్‌స్ట్రోమ్, వైయెత్ వాసర్‌మన్, బోరిస్ లెన్‌హార్డ్ కలిసి జాస్పర్‌ను ప్రకటించారు. మొదటి విడుదలలో ఉన్నవి 111 ప్రొఫైళ్లే. ట్రాన్స్‌ఫాక్‌తో పోలిస్తే అది చిన్న పొత్తం. అయితే అందులో ఒక ఫ్యాక్టర్‌కు సాధ్యమైనంతవరకూ ఒకే మంచి ప్రొఫైల్ ఉండేలా ఏరి పెట్టారు, డేటా మొత్తాన్ని ఎవరైనా ఉచితంగా దింపుకోనిచ్చారు, పట్టికల నిర్మాణాన్నీ బయటపెట్టారు. లెన్‌హార్డ్, వాసర్‌మన్ 2002లోనే పెర్ల్ భాషలో రాసిన టీఎఫ్‌బీఎస్ మాడ్యూళ్లు ఆ పట్టికలతో నేరుగా మాట్లాడేవి. 2014 విడుదలకు ప్రొఫైళ్లు 593 అయ్యాయి, 2016లో 1,082, 2022లో 1,956. సంఖ్య పదిహేడు రెట్లకు పైగా పెరిగినా, 2010 నాటికి కుదురుకున్న పట్టికల నిర్మాణం పెద్దగా మారలేదు. అందుకే ప్రొఫైళ్లను ఎలా దాచాలన్న ప్రశ్నను పరిశీలించడానికి జాస్పర్ మంచి ఉదాహరణ.

ఐదు టేబుళ్ల ఇల్లు

జాస్పర్ నిర్మాణంలో ముఖ్యమైన టేబుళ్లు ఐదు. మొదటిది మ్యాట్రిక్స్. ఒక్కో ప్రొఫైల్‌కు ఒక్కో వరుస, అందులో లోపలి వాడకానికి ఒక పూర్ణసంఖ్య, ఏ సంకలనానికి చెందింది, మూల గుర్తింపు, వెర్షన్, పేరు ఉంటాయి. రెండోది మ్యాట్రిక్స్ డేటా. సంఖ్యలన్నీ ఇందులోనే. మూడోది జీవజాతి టేబుల్. నాలుగోది ప్రొటీన్ టేబుల్. ఐదోది వ్యాఖ్యల టేబుల్, మ్యాట్రిక్స్ అనొటేషన్. ప్రయోగ పద్ధతి, ప్రొటీన్ తరగతి, కుటుంబం, ఆధారమైన పరిశోధన పత్రం వంటి వివరాలన్నీ అక్కడికి చేరతాయి.

జాతినీ ప్రొటీన్‌నూ మొదటి టేబుల్‌లోనే చెరొక గడిలో రాసేయవచ్చు కదా అనిపిస్తుంది. అలా చేస్తే మొదటి చిక్కు జంట ప్రొటీన్ల దగ్గర వస్తుంది. ఫాస్, జున్ అనే రెండు ప్రొటీన్లు కలిసి ఒకే చోటును పట్టుకుంటాయి. ఆ ప్రొఫైల్‌కు పేరు రెండు పేర్ల మధ్య జంట కోలన్లతో ఉంటుంది, ప్రొటీన్ సంఖ్యలూ రెండుండాలి. ఆర్న్ట్ కూడా ఏహెచ్‌ఆర్ అనే ప్రొటీన్‌తో జతకట్టి ఇంకో ప్రొఫైల్‌లో కనిపిస్తుంది. ఒక్క గడిలో కామాలతో రెండు సంఖ్యలు ఇరికిస్తే, ‘ఈ ప్రొటీన్ ఎక్కడెక్కడ ఉంది’ అన్న ప్రశ్నకు అక్షరాలను వెతకడం తప్ప దారి ఉండదు. వేరే టేబుల్‌లో రెండు వరుసలుగా రాస్తే టేబుళ్లను కలిపే ఒక్క జాయిన్‌తో పని అయిపోతుంది. జాతులదీ అదే కథ. ఒకటికన్నా ఎక్కువ జీవుల నుంచి సేకరించిన చోట్లతో కట్టిన ప్రొఫైళ్లు ఉండవచ్చు. మనిషికి 9606, ఎలుకకు 10090, అరబిడాప్సిస్ మొక్కకు 3702 అనే అంతర్జాతీయ జాతి సంఖ్యలు వాడటం వల్ల పేర్ల స్పెల్లింగ్ గొడవ కూడా తప్పింది.

సంఖ్యలను ఎలా పరచాలి

అసలు వాదన మ్యాట్రిక్స్ డేటా దగ్గర. జాస్పర్‌లో ఒక్కో సంఖ్యకు ఒక్కో వరుస: ప్రొఫైల్ సంఖ్య, అక్షరం, స్థానం, విలువ. ఆర్న్ట్‌కు 24 వరుసలు, 19 స్థానాలున్న సీటీసీఎఫ్ అనే ప్రొటీన్ పాత ప్రొఫైల్‌కు 76. ప్రొఫైల్‌ను ఎప్పుడైనా మొత్తంగానే అడుగుతారు, సగం అడిగేవాళ్లు ఉండరు, అలాంటప్పుడు దాన్ని ముక్కలు చేయడం దేనికన్నది ఒక వైపు మాట. మాత్రికను ఒకే గడిలో టెక్స్ట్‌గానో జేసన్‌గానో పెట్టేస్తే ఒక్క వరుస చదివితే చాలు.

గడికో వరుస పద్ధతిలో ఒక గట్టి ప్రమాదం కూడా పొంచి ఉంది. రిలేషనల్ టేబుల్‌లో వరుసలకు సహజమైన క్రమం అంటూ ఉండదు. స్థానం ప్రకారం క్రమంలో పెట్టమని ప్రశ్నలోనే చెప్పాలి. ఆ మాట మరిచిపోయినా డేటాబేస్ తప్పు చూపదు, పరీక్షించేటప్పుడు సరైన క్రమంలోనే ఇవ్వవచ్చు కూడా. సర్వర్ మారిన రోజున స్థానాలు తారుమారై, ఎవరూ ఎరుగని కొత్త ప్రొటీన్ అభిరుచి తెర మీదికి వస్తుంది. 24 గడులకు బదులు 23 మాత్రమే నింపినా ఈ నిర్మాణం అడ్డుచెప్పదు. ఒకే గడిని రెండుసార్లు రాయకుండా ప్రైమరీ కీ ఆపుతుంది, ఖాళీ గడిని మాత్రం పట్టుకోలేదు.

మధ్యేమార్గం ఒకటి ఉంది. స్థానానికో వరుస పెట్టి, ఎ, సి, జి, టిలకు నాలుగు నిలువు వరుసలు ఇస్తే ఆర్న్ట్ ఆరు వరుసల్లో సరిపోతుంది. నాలుగింటిలో ఏదీ ఖాళీగా ఉండకూడదన్న నియమాన్ని డేటాబేసే కాపాడుతుంది. కొత్తగా స్కీమా, అంటే పట్టికల నిర్మాణం, గీసేవాళ్లకు ఇది ఆకర్షణీయంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అయితే అక్షరాలు ఎప్పటికీ నాలుగే అన్న ధీమా మీద అది నిలబడింది. 2017లో ఫిన్లండ్, స్వీడన్ పరిశోధకులు పాల్గొన్న ఒక అధ్యయనం, సైటోసిన్ మీద మిథైల్ గుంపు చేరితే మనిషి ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లలో చాలావాటి ఇష్టం మారుతుందని చూపింది. మిథైల్ చేరిన సి-ని ఐదో అక్షరంగా లెక్కపెట్టాలంటే నాలుగు నిలువు వరుసల టేబుల్‌ను పగలగొట్టి కట్టాలి. గడికో వరుస పద్ధతిలోనైతే కొన్ని వరుసలు అదనంగా చేర్చితే చాలు.

వేగం గురించిన భయానికి ఇక్కడ పెద్దగా ఆధారం లేదు. 2,000 ప్రొఫైళ్లకు సగటున 12 స్థానాలు వేసుకున్నా మొత్తం 96,000 వరుసలు. మామూలు ల్యాప్‌టాప్‌లో ఎస్‌క్యూలైట్‌కు అది లెక్కలోకి రాదు. వేగం పోయేది ప్రశ్నలు అడిగే తీరు వల్ల. ఒక ప్రొఫైల్‌కు నాలుగు అక్షరాల కోసం నాలుగు ప్రశ్నలు, మిగతా నాలుగు టేబుళ్లకు ఒక్కొక్కటి చొప్పున ఎనిమిది ప్రశ్నలు పంపే ప్రోగ్రామ్, 1,956 ప్రొఫైళ్లకు 15,648 సార్లు సర్వర్ తలుపు తడుతుంది. సర్వర్ మరో ఖండంలో ఉంటే ఆ ప్రయాణ కాలమే నిమిషాల్లోకి పాకుతుంది. కావలసిన ప్రొఫైళ్ల సంఖ్యలన్నీ ఒకే ప్రశ్నలో రప్పించి, మెమరీలో మాత్రికలుగా పేర్చుకుంటే అదే పని రెప్పపాటులో అయిపోతుంది.

ఓట్లు దాచాలా, శాతాలా

పట్టికలో పెట్టే సంఖ్య ఏదన్నది ఇంకా లోతైన ప్రశ్న. లెక్కించిన సంఖ్యలు పెట్టవచ్చు, వాటిని మొత్తంతో భాగించిన సంభావ్యతలు పెట్టవచ్చు, లేదా వెతుకులాటకు నేరుగా పనికొచ్చే లాగరిథమ్ స్కోర్లు పెట్టవచ్చు. చివరివి పెడితే వాడేవాళ్లకు సౌకర్యం. జాస్పర్ మాత్రం లెక్కించిన సంఖ్యల దగ్గరే ఆగింది.

ఎన్నికల్లో ఒక బూత్‌లో 80 శాతం ఓట్లు ఒకే గుర్తుకు పడ్డాయని మాత్రమే రాసి ఉంటే, అక్కడ ఓటేసింది ఇరవై మందా, తొమ్మిది వందల మందా తెలియదు. ప్రొఫైళ్లదీ అదే పరిస్థితి. ఆర్న్ట్ మాత్రిక 20 తునకల మీద నిలబడింది. సీటీసీఎఫ్ పాత మాత్రిక వెనుక 900 పైచిలుకు చోట్లున్నాయి. రెండింట్లోనూ ఒక గడిలో 0.8 అని ఉంటే చూపుకు ఒకేలా కనిపిస్తాయి, నమ్మకం మాత్రం ఒకేలా ఉండకూడదు.

సున్నాల దగ్గర ఈ తేడా బయటపడుతుంది. ఆర్న్ట్ మూడో స్థానంలో ఎ ఒక్కసారీ రాలేదు. సున్నాకు లాగరిథమ్ లేదు కాబట్టి ప్రతి గడికీ కొంత కృత్రిమ లెక్క కలుపుతారు, దాన్నే సూడోకౌంట్ అంటారు. మొత్తం చోట్ల సంఖ్యకు వర్గమూలం తీసి, దాన్ని నాలుగక్షరాలకు సమానంగా పంచడం ఒక ఆనవాయితీ. 20కి వర్గమూలం 4.47, ఒక్కో అక్షరానికి 1.12 వస్తుంది. నాలుగు అక్షరాలూ సమానంగా ఉండే డీఎన్‌ఏతో పోలిస్తే ఆ సున్నా గడి స్కోరు మైనస్ 2.45 అవుతుంది. మొత్తం కలిపి ఒక్కటే పంచితే, అంటే గడికి 0.25 చొప్పున ఇస్తే, అదే గడి స్కోరు మైనస్ 4.39కి దిగుతుంది. మొదటి లెక్కలో ఆ చోటుకు ఇంకా కొంత ఆశ ఉంటుంది, రెండో లెక్కలో దాదాపు తలుపు మూసేసినట్టే. వెతికే జీవి జన్యుపదార్థంలో జి, సి ఎక్కువా, ఎ, టి ఎక్కువా అన్న నేపథ్యాన్ని బట్టి కూడా స్కోరు మారుతుంది. ఇన్ని ఎంపికల మీద ఆధారపడే సంఖ్యను శాశ్వతంగా టేబుల్‌లో రాసేస్తే, రాసినవాళ్ల ఎంపిక అందరి నెత్తినా పడుతుంది. లెక్కించిన సంఖ్య నుంచి స్కోరును ఎప్పుడైనా తీయవచ్చు, స్కోరు నుంచి లెక్కకు తిరిగిరావడం మాత్రం సూడోకౌంట్, నేపథ్యం తెలియకుండా కుదరదు.

ఈ నిర్ణయానికి ఒక మూల్యమూ ఉంది. ఒక ప్రొఫైల్ ఎంత కచ్చితమైనదో చెప్పే సమాచార పరిమాణాన్ని బిట్లలో కొలుస్తారు. ఆర్న్ట్‌కు మొదటి స్థానంలో 1.28, రెండో స్థానంలో 1.71, మిగతా నాలుగింట్లో రెండేసి, మొత్తం దాదాపు 11 బిట్లు. ‘పది బిట్లకు పైనున్న ప్రొఫైళ్లు ఇవ్వు’ అని అడిగితే ఈ విలువ టేబుల్‌లో ఉండదు. బయోపైథాన్ అనే పైథాన్ లైబ్రరీలోని జాస్పర్ మాడ్యూల్ ముందు మిగతా షరతులకు సరిపోయేవాటిని తెచ్చుకుని, తర్వాత ఒక్కోదానికీ లెక్కకట్టి వడపోస్తుంది. రెండు వేల ప్రొఫైళ్లకు అది భారం కాదు. భారమనుకునేవాళ్లు ఆ విలువను వేరే టేబుల్‌లో దాచుకోవచ్చు, ఏ సూడోకౌంట్‌తో, ఏ నేపథ్యంతో కట్టారో పక్కనే రాయాలన్నది మాత్రం షరతు.

పేరు, సంఖ్య, వెర్షన్

ఎంఏ0004.1లో చుక్కకు ముందున్నది మూల గుర్తింపు, తర్వాతిది వెర్షన్. తొలి విడుదలల్లో చుక్క లేదు. మెరుగైన ప్రయోగం వచ్చి ప్రొఫైల్ మారితే పాతదాన్ని చెరిపేయాలా, కొత్త పేరుతో పెట్టాలా అన్న సంకటానికి 2010 విడుదల ఈ జవాబు చెప్పింది. పాతది ఎక్కడికీ పోదు, కొత్తది తర్వాతి సంఖ్యతో చేరుతుంది. వెర్షన్ చెప్పకుండా ఎంఏ0004 అని మాత్రమే అడిగితే సాఫ్ట్‌వేర్ అన్నిటికన్నా కొత్తదాన్ని ఇస్తుంది. సౌకర్యం అక్కడే, చిక్కూ అక్కడే. వెర్షన్ లేకుండా రాసిన ప్రోగ్రామ్‌ను రెండేళ్ల తర్వాత మళ్లీ నడిపితే ఫలితం మారిపోవచ్చు, ఎందుకు మారిందో ఎక్కడా కనిపించదు. 2024 విడుదలలో ప్రొఫైళ్ల అంచుల్లో సమాచారం తక్కువున్న స్థానాలను కత్తిరించినప్పుడు చాలావాటి వెర్షన్లు ఇలాగే ముందుకు జరిగాయి.

పేరుతో అడగడం ఇంకా జారుడు నేల. పేరు ఒక్కరి సొత్తు కాదు, ఒకే పేరుకు వేర్వేరు ప్రొఫైళ్లు, వేర్వేరు వెర్షన్లు ఉంటాయి. అందుకే బయోపైథాన్‌లో గుర్తింపు సంఖ్యతో అడిగితే ఒక ప్రొఫైల్, పేరుతో అడిగితే ఒక జాబితా తిరిగి వస్తాయి. జాబితాలో మొదటిదాన్ని తీసుకుని ముందుకు సాగిపోయే ప్రోగ్రామ్ ఏదో ఒక రోజు తప్పుదారి పట్టడం ఖాయం.

మాస్కోలోని పరిశోధకులు నడిపే హోకోమోకో అనే డేటాబేస్ వేరే దారి పట్టింది. దాని పదకొండో విడుదలలో ఒక ప్రొఫైల్ గుర్తింపు ఏహెచ్‌ఆర్_హ్యూమన్.హెచ్11ఎంఓ.0.బి. ఇందులో ప్రొటీన్ పేరు, జాతి, విడుదల సంఖ్య, మాత్రిక రకం, వరుస సంఖ్య, చివర ఎ నుంచి డి వరకూ ఇచ్చే నాణ్యతా శ్రేణి అన్నీ పేరులోనే ఉన్నాయి. ఫైళ్లతో పనిచేసేవాళ్లకు ఇది వరమే, డేటాబేస్ తెరవకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. కానీ కొత్త సాక్ష్యంతో నాణ్యత బి నుంచి ఎకు పెరిగితే గుర్తింపే మారాలి. గుర్తింపులో అర్థం నింపకూడదని, అర్థాన్ని పక్క గడుల్లో రాయాలని డేటాబేస్ నిపుణులు చెప్పేది ఇందుకే.

వదులుగా కట్టిన గది

మాత్రికను అంత బిగువుగా కట్టిన జాస్పర్ వ్యాఖ్యల టేబుల్‌ను మాత్రం వదులుగా వదిలేసింది. అందులో మూడే నిలువు వరుసలు: ప్రొఫైల్, ట్యాగ్, విలువ. తరగతి, కుటుంబం, జీవుల సమూహం, ప్రయోగ రకం అన్నీ ట్యాగులే. రేపు కొత్త వివరం వస్తే టేబుల్‌ను కదపకుండా కొత్త ట్యాగు చేర్చవచ్చు. తర్వాతి కాలంలో ప్రాచుర్యం పొందిన చిప్-సెక్, ప్రొటీన్ బైండింగ్ మైక్రోఅరే వంటి పద్ధతుల పేర్లు ఇలాగే నిశ్శబ్దంగా వచ్చి చేరాయి.

ఈ వెసులుబాటుకు ఖరీదు అడిగేటప్పుడు కట్టాలి. ‘వెన్నెముక గల జీవులవి, ఫలానా తరగతివి, సెలెక్స్ పద్ధతిలో వచ్చినవి’ అన్న మూడు షరతులకు అదే టేబుల్‌ను మూడుసార్లు, మూడు మారుపేర్లతో జాయిన్ చేయాలి. ఒక్కసారే చేసి మూడు షరతులూ పెడితే ఫలితం ఖాళీ, ఎందుకంటే ఒకే వరుస మూడు ట్యాగులుగా ఉండలేదు. విలువలకు కాపలా లేదు కాబట్టి అక్షరదోషం కూడా కొత్త తరగతిగా చలామణి అవుతుంది. పాత విడుదలల్లో ఆర్న్ట్ తరగతి ‘జిప్పర్ టైప్’ అని ఉండేది. టీఎఫ్‌క్లాస్ అనే వర్గీకరణను అనుసరించిన తర్వాత అది ‘బేసిక్ హెలిక్స్-లూప్-హెలిక్స్’ కిందికి వచ్చింది. పాత పదంతో వడపోసే ప్రోగ్రామ్‌కు ఆర్న్ట్ దొరకదు, తప్పు జరిగిందన్న హెచ్చరికా రాదు.

సాక్ష్యం బలాబలాలను ఎక్కడ రాయాలన్నదానికీ తలా ఒక జవాబు ఉంది. జాస్పర్ 2020లో, స్వతంత్ర ఆధారం దొరకని ప్రొఫైళ్లను అన్‌వాలిడేటెడ్ అనే విడి సంకలనంలో పెట్టింది. టొరంటో, సిన్సినాటి పరిశోధకులు 2014లో వివరించిన సిస్-బీపీ అనే డేటాబేస్ ప్రతి ఫ్యాక్టర్‌కూ ఒక స్థితి రాస్తుంది: ప్రయోగంలో నేరుగా తేలిందా, పోలికనుబట్టి ఊహించారా, ఏమీ తెలియదా. డీఎన్‌ఏను పట్టుకునే భాగంలో రెండు ప్రొటీన్లు బాగా పోలి ఉంటే ఒకదాని ప్రొఫైల్ రెండోదానికీ వర్తిస్తుందన్న సూత్రంతో, యూకారియోట్లలో ఉన్నాయనుకున్న సుమారు 1,70,000 ఫ్యాక్టర్లలో 34 శాతానికి అభిరుచి చెప్పగలిగారు. ఇక్కడ ప్రొఫైల్‌కూ ప్రొటీన్‌కూ మధ్య లంకె కూడా ఒక వాదనే, దానికీ సాక్ష్యపు గడి కావాలి. మెక్సికోలోని రెగ్యులాన్‌డీబీ ఇ. కోలై ఒక్కదాన్నే పట్టుకుని, మాత్రిక కంటే ముందు ఒక్కో బైండింగ్ చోటునూ దాని ఆధారాన్నీ నమోదు చేస్తుంది. మాత్రికలు వాటి నుంచి పుడతాయి.

ఎస్‌క్యూఎల్‌కు అందని ప్రశ్నలు

గుర్తింపు, పేరు, జాతి, తరగతి ప్రకారం అడిగే ప్రశ్నలకు రిలేషనల్ డేటాబేస్ పుట్టిందే. ‘నా దగ్గరున్న ఈ మాత్రికను పోలినవి ఏవి’ అని అడిగితే మాత్రం దానికి చేతకాదు. పోలికకు మామూలు ఇండెక్స్ ఉండదు. రెండు మాత్రికలను అటూ ఇటూ జరిపి, తలకిందులుగా కూడా చూసి పోల్చాలి. డీఎన్‌ఏకు రెండు పోగులు ఉంటాయి కాబట్టి ఒకే అభిరుచిని రెండు దిశల్లో రాయవచ్చు. ఆర్న్ట్ పట్టుకునే సి-ఎ-సి-జి-టి-జి వరుసను ఎదుటి పోగు మీద చదివినా అదే వస్తుంది. కానీ దాని సంఖ్యలు అలా కావు. తిరగేసిన మాత్రికలో మొదటి స్థానంలో సి 16 కాదు, 20. గడికి గడి పోల్చే ప్రశ్న ఈ రెండింటినీ వేర్వేరుగా చూస్తుంది. 2007లో వచ్చిన టామ్‌టామ్ వంటి పరికరాలు ఈ పనిని డేటాబేస్ బయటే చేస్తాయి. ప్రొఫైళ్లు వేలల్లోనే ఉన్నాయి కాబట్టి అన్నిటితోనూ పోల్చి చూడటం ఇప్పటికైతే కష్టం కాదు.

కష్టమంతా జన్యుపదార్థంలో ఆ ప్రొఫైళ్లకు సరిపోయే చోట్ల దగ్గర ఉంది. సి-ఎ-సి-జి-టి-జి లాంటి ఆరక్షరాల వరుస, అక్షరాలు యాదృచ్ఛికంగా పడ్డాయనుకుంటే 4,096 చోట్లకు ఒకసారి ఎదురవుతుంది. దాదాపు 310 కోట్ల అక్షరాలున్న మానవ జన్యుపదార్థంలో అది ఏడున్నర లక్షలసార్లు. నిజంలో సి పక్కన జి రావడం అరుదు కాబట్టి సంఖ్య ఇంతకన్నా తగ్గుతుంది, అయినా ప్రొటీన్ కణంలో వాలే చోట్లు వాటిలో కొన్నే. వాసర్‌మన్, సాండెలిన్ 2004లో ఈ పరిస్థితికి వ్యర్థతా సిద్ధాంతం అని చురకంటించే పేరు పెట్టారు. అంచనా చోట్లలో అత్యధికం కణంలో ఏ పనీ చేయవని దాని సారం. వెయ్యి ప్రొఫైళ్లకు ఇదే తీరున లెక్కవేస్తే 75 కోట్ల వరుసలు. ప్రొఫైళ్ల టేబుల్ పక్కన ఇంత రాశిని పోయడం ఏ స్కీమాకూ శోభనివ్వదు.

‘ఈ క్రోమోజోమ్‌లో ఇక్కడి నుంచి అక్కడి వరకూ ఏం ఉన్నాయి’ అన్న ప్రశ్నకు మామూలు ఇండెక్స్ సరిగా పనిచేయదు, ఎందుకంటే ప్రతి చోటుకూ మొదలూ చివరా రెండుంటాయి. 2002లో యూసీఎస్‌సీ జీనోమ్ బ్రౌజర్ దీనికి బిన్నింగ్ అనే ఉపాయం వాడింది. క్రోమోజోమ్‌ను 128 వేల అక్షరాల పరిమాణం నుంచి పైకి పెరిగే అరలుగా విడగొట్టి, ప్రతి చోటునూ అది పూర్తిగా పట్టే అతి చిన్న అరకు కేటాయించడం. అడిగినప్పుడు సంబంధిత అరలు మాత్రమే తెరుస్తారు. జాస్పర్ కూడా అంచనా చోట్లను తన ప్రొఫైళ్ల టేబుళ్లలో కలపకుండా జీనోమ్ బ్రౌజర్ ట్రాక్‌లుగా విడిగా ఇస్తోంది. చిప్-సెక్ ప్రయోగాల ఆధారంగా తేల్చిన చోట్ల కోసం జాస్పర్ బృందాలతో సంబంధమున్న యూనిబైండ్ అనే మరో డేటాబేస్ ఉంది.

చోట్ల గుంపులను వెతకడంలో హైదరాబాద్‌కూ పాత్ర ఉంది. అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థలో రాకేశ్ మిశ్రా బృందం 2012లో ప్రచురించిన సీడీబెస్ట్ అనే పరికరం, డ్రోసోఫిలా ఈగ క్రోమాటిన్‌లో హద్దురాళ్ల లాంటి భాగాలను గుర్తించడానికి సీటీసీఎఫ్ వంటి ప్రొటీన్ల బైండింగ్ గుర్తులు ఒకచోట గుమిగూడటాన్ని ఆధారం చేసుకుంది. ఒక్క గుర్తును నమ్మకుండా గుంపును చూడటం వ్యర్థతా సిద్ధాంతాన్ని ఎదుర్కొనే దారుల్లో ఒకటి.

సర్వర్ నుంచి ఫైలుకు

ప్రొఫైళ్లను తీసుకునే దారులు కూడా ఈ ఇరవై ఏళ్లలో మారాయి. మొదట్లో ప్రయోగశాలలు మైఎస్‌క్యూఎల్ ప్రతిని తమ సర్వర్లలో నింపుకునేవి. తర్వాత ఆర్ భాషవాళ్లకు బయోకండక్టర్ వేదికపై జాస్పర్ 2014, జాస్పర్ 2016 వంటి విడుదలకో ప్యాకేజీ వచ్చింది. లోపల ఉండేది ఒక ఎస్‌క్యూలైట్ ఫైలు, దాన్ని అడగడానికి గె టాన్, లెన్‌హార్డ్ రాసిన టీఎఫ్‌బీఎస్‌టూల్స్. 2018లో అజీజ్ ఖాన్, ఆంథొనీ మథెలియర్ రెస్ట్ ఏపీఐని ప్రకటించడంతో ఎస్‌క్యూఎల్ రానివాళ్లూ వెబ్ చిరునామాతో ప్రొఫైల్ రప్పించుకోగలిగారు. పైజాస్పర్ అనే పైథాన్ ప్యాకేజీ అనేక విడుదలల ఎస్‌క్యూలైట్ ఫైళ్లను తనతోనే మోస్తూ, ఏ విడుదల కావాలో ముందే ఎంచుకునే వీలిస్తుంది. ఏపీఐ ఎప్పుడూ ఇప్పటి సమాధానం ఇవ్వడానికి మొగ్గుచూపుతుంది, ఫైలు మాత్రం ఆ రోజటి సమాధానమే ఇస్తుంది. ఒక పరిశోధన పత్రంలోని ఫలితాన్ని ఐదేళ్ల తర్వాత సరిచూడాలంటే రెండోదే కావాలి. దానికి తోడు సూడోకౌంట్, నేపథ్యం, స్కోరు హద్దు ఏవో కూడా పత్రంలో ఉండాలి.

మాత్రిక అనే రూపానికే ఇప్పుడు పోటీ వచ్చింది. మాత్రిక ప్రతి స్థానాన్నీ పక్కదానితో సంబంధం లేనట్టు చూస్తుంది. పక్క అక్షరం ప్రభావాన్నీ లెక్కలోకి తీసుకునే టీఎఫ్‌ఎఫ్‌ఎం నమూనాలను మథెలియర్, వాసర్‌మన్ 2013లో రూపొందించారు, 2016 నుంచి జాస్పర్ వాటికీ చోటిచ్చింది. 2015లో డీప్‌బైండ్, 2021లో బీపీనెట్ వంటి నాడీజాల నమూనాలు ఇంకా ముందుకు వెళ్లాయి. బీపీనెట్ ఒక చోటుకూ దాని పక్క చోటుకూ మధ్య ఎడం ఎంతుందన్నదాన్ని కూడా నేర్చుకుంటుంది. అలాంటి నమూనాలోని వేలకొద్దీ బరువులను అక్షరం, స్థానం, విలువ అని విడగొట్టి వరుసలుగా రాయడంలో అర్థం లేదు. వాటిని ఫైళ్లుగానే ఉంచి, ఫైలు ఎక్కడుందో, దాని చెక్‌సమ్ ఎంతో, ఏ ప్రయోగం మీద శిక్షణ పొందిందో టేబుల్‌లో రాసుకోవాల్సి వస్తుంది. అప్పుడు ఐదు టేబుళ్లలో మ్యాట్రిక్స్ డేటాకు మాత్రమే పని పోతుంది. ఏ ప్రొటీన్, ఏ జాతి, ఏ పద్ధతి, ఏ వెర్షన్ అని చెప్పే మిగతా నాలుగూ ఉన్నవి ఉన్నట్టే వాడుకోవచ్చు.